‘డోంట్’ను మింగేసిన కంప్యూటర్, దాన్ని కక్కించిన ముగ్గురు

పేర్లు రాయవద్దని ముగ్గురూ ముందే మాట తీసుకున్నారు. కాబట్టి చిత్తూరు అన్న, లీలామహల్ సర్కిల్ తమ్ముడు, ఎదురింటి పాప అనే రాస్తాను. ఎవరి వాటా కృతజ్ఞతలు వాళ్లు తీసుకోవాలి.

నాకు చూపు లేదు. చంద్రగిరి వైపు ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను, కాపురం తిరుపతిలో. తెర మీది ప్రతి అక్షరాన్నీ ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తుంది. మౌస్ ముట్టను, అంతా కీబోర్డు మీదే. అందరికీ తెర ఎలాంటిదో నాకు స్పీకర్ అలాంటిది. ఇది తెలియనివాళ్లు ‘సౌండ్ ఒక్కటేగా పోయింది, మిగతాదంతా బాగానే ఉందిగా’ అంటారు. చూపున్నవాళ్ల కంప్యూటర్‌కు నల్లగుడ్డ కప్పి, మిగతాదంతా బాగానే ఉందిగా అంటే ఎలా ఉంటుంది?

గొడవ చిన్నగానే మొదలైంది. కాసేపు ఊరుకుని మళ్లీ ఏదైనా మీట నొక్కితే మొదటి ముక్క వినబడేది కాదు. ‘రద్దు’ అన్నా ‘వద్దు’ అన్నా నా చెవిన పడేది ‘ద్దు’ మాత్రమే. మొదట నవ్వుకున్నాను. ఒక రాత్రి, చంద్రగిరి కోట మీద పిల్లల కోసం రాసుకున్న పదకొండు పేజీల ఫైలు మూయబోతే, దాచాలా వద్దా అని అడిగింది. ట్యాబ్ నొక్కాను. ‘సేవ్’ అని వినబడింది. ఎంటర్ కొట్టాను. అది చెప్పింది ‘డోంట్ సేవ్’ అని. ‘డోంట్’ను మింగేసి మిగతాది నాకు వినిపించింది. పదకొండు పేజీలూ పోయాయి. ఆ రాత్రి అన్నం సహించలేదు.

దీనికి తోడు నత్తనడక. బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిస్తే చాలు, మీట నొక్కిన చాలాసేపటికి గానీ పలికేది కాదు. చూపున్నవాళ్లకు ఇలాంటప్పుడు తెర మీద గుండ్రంగా తిరిగే గుర్తు కనబడుతుందట. మాకు ఉండేది నిశ్శబ్దమే. యంత్రం ఆలోచిస్తోందో ప్రాణం వదిలిందో తెలియదు. తొందరపడి ఇంకో రెండు మీటలు నొక్కితే, ఆ తర్వాత అన్నీ కలిపి ఒకేసారి మీదపడతాయి.

ఒక ఉదయం పూర్తిగా మూగబోయింది. కోచింగ్ కోసం వచ్చి మా ఇంట్లో ఉంటున్న మా అక్క కొడుకు ల్యాప్‌టాప్‌ను ఒక దుకాణానికి తీసుకెళ్లాడు. ఏ దుకాణమో చెప్పను. సాయంత్రం వాళ్లే ఫోన్ చేశారు. ‘సౌండ్ బాగానే ఉంది మేడం. ఏదో గొంతు ఆపకుండా మాట్లాడుతోంది, వైరస్ అనుకుని తీసేశాం’ అన్నారు. వాళ్లు తీసేసింది నా కళ్లను. ఇంటికి తెచ్చాక చూస్తే మళ్లీ మూగే.

అప్పుడు చిత్తూరు అన్నకు ఫోన్ చేశాను. ఆయనకూ చూపు లేదు. ‘కొత్తగా ఏమైనా తగిలించావా అమ్మా?’ అన్నారు. లేదన్నా, కావాలంటే కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తానన్నాను. వెళ్లకపోవడం మంచిదైంది. వినాయకుడి ముందు అడ్డంగా దొరికిపోయేదాన్ని.

కంట్రోల్, విండోస్, ఎంటర్ మూడూ కలిపి నొక్కమన్నారు. తెర మీది మాటలు చదివి వినిపించే నెరేటర్ విండోస్‌లోనే ఉంటుంది, అది మొదలవ్వాలి. చప్పుడు లేదు. ఎదురింటి పాపను పిలిచాను. ఎనిమిదో తరగతి. సాధారణంగా ఎవరిని చదవమన్నా ‘ఏదో వచ్చింది, ఓకే కొట్టేశాను’ అంటారు. ఈ పిల్ల మాత్రం తెర మీద ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క వదలకుండా చదివింది. అర్థం కాని మాట వస్తే అక్షరాలు కూడబలుక్కుని చెప్పింది, సొంతంగా ఏదీ నొక్కలేదు. నెరేటర్ తెరుచుకునే ఉందని తేలింది.

‘అయితే గొంతు బాగానే ఉంది, మాట వేరే గదిలోకి పోతోంది’ అన్నారు అన్న. యూఎస్‌బీ హెడ్‌ఫోన్ పెట్టమన్నారు. దానికి సౌండ్ కార్డు దానిలోనే ఉంటుంది కాబట్టి, అందులో వినబడితే దారి ఎక్కడ తప్పిందో వెతకవచ్చునట. పెట్టగానే చెవిలో మాట పడింది. ఏం చెప్పిందో గుర్తు లేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. పాప స్పీకర్ గుర్తు తెరిచి, శబ్దం వెళ్లగల చోట్ల పేర్లన్నీ చదివింది. అందులో ఒకటి మానిటర్‌ది. మావాడు క్లాసులు పెద్దగా కనబడాలని హెచ్‌డీఎంఐ తీగతో ఒక పాత మానిటర్ తగిలించాడు. ఆ తీగలో బొమ్మతో పాటు శబ్దం కూడా పోతుంది. విండోస్ మాట మొత్తాన్ని అటు మళ్లించింది, ఆ మానిటర్‌కేమో స్పీకరే లేదు. వాడు పాటలు ఫోన్‌లో వింటాడు కాబట్టి వాడికీ తెలియలేదు. దుకాణానికి మానిటర్ లేకుండా వెళ్లింది గనుక అక్కడ చక్కగా మాట్లాడింది. శబ్దాన్ని మళ్లీ ల్యాప్‌టాప్ స్పీకర్‌కు మార్చడానికి నిమిషం పట్టింది.

నెరేటర్ సాయంతోనే ఎన్‌వీడీఏ తెచ్చుకుని పెట్టుకున్నాను. పోయిన మొదటి ముక్క సంగతి అన్న అప్పుడు చెప్పారు. కరెంటు ఆదా కోసం పని లేనప్పుడు సౌండ్ చిప్ కునుకు తీస్తుంది. లేచేలోపు రెప్పపాటు పడుతుంది. పాటలు వినేవాళ్లకు అది లెక్కలోకి రాదు, మాకైతే ‘డోంట్’ పోతుంది. మాట ఆగిన తర్వాత కూడా కాసేపు ఆ చిప్‌ను మేలుకొలిపి ఉంచే ఏర్పాటు కొత్త ఎన్‌వీడీఏలో ఉంది. నేను ఏళ్ల తరబడి పాతదాన్నే వాడుతున్నాను. ఆ దుకాణం వాళ్లు దాన్ని తీసేయడంలో జరిగిన మేలు ఇదొక్కటే, అది కూడా వాళ్లకు తెలియకుండా.

నత్తనడక తీర్చింది లీలామహల్ తమ్ముడు. ఎముక విరిగితే పుత్తూరు, కంప్యూటర్ విరిగితే ఈ అబ్బాయి అని మా వీధిలో అనుకుంటారు. ల్యాప్‌టాప్ లాక్కోకుండా ‘మీరే నొక్కండి మేడం, నేను చూస్తూ ఉంటాను’ అన్నాడు. ఎన్‌వీడీఏను నేను అలవాటుగా పెట్టుకునే వేగంలో విని, ‘ఇది తెలుగేనా మేడం?’ అన్నాడు. వాడి కోసం వేగం సగం చేశాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, ఏ ప్రోగ్రాము ఎంత వాడుకుంటోందో చెప్పే టాస్క్ మేనేజర్ తెరిచాం. నడుస్తున్న పనుల సరుకు పెట్టుకునే చోటు, అంటే ర్యామ్, ఉన్నది 4 జీబీ, ఖాళీ దాదాపు లేదు. ర్యామ్ నిండితే కంప్యూటర్ కొంత సరుకును డిస్క్ మీదికి నెట్టి, కావాల్సినప్పుడల్లా వెనక్కి తెచ్చుకుంటుంది. నా పాత హార్డ్‌డిస్క్‌కు అది మోయలేని బరువు. కంప్యూటర్ ఆన్ చేయగానే వాటంతట అవే లేచేవి తొమ్మిది ప్రోగ్రాములు. వాటిలో రెండు యాంటీవైరస్‌లు, ఒకదానిమీద ఒకటి కాపలా. ఒకటి తీసేయించి, అక్కరలేనివి లేవకుండా నా చేతే ఆపించాడు.

తర్వాత 8 జీబీ ర్యామ్ తెప్పించి, నా వేళ్లను దాని అంచు మీద పెట్టి అక్కడున్న చిన్న గాడిని చూపించాడు. ఆ గాడి కుదిరితేనే లోపలికి వెళ్తుంది. మొదటిసారి సరిగా కూర్చోలేదు. ఆన్ చేయగానే ల్యాప్‌టాప్ బీప్ బీప్ అంది. తెర వైపు చూస్తున్న వాడికంటే ముందు నేనే ‘తప్పు, మళ్లీ పెట్టు’ అన్నాను. రెండోసారి ‘టక్’ మనే దాకా నేనే నొక్కాను. వస్తువు ఖరీదు తప్ప పైసా తీసుకోలేదు. బలవంతం చేస్తే టీ తాగాడు.

ఇంకో ఇద్దరు ఈ తిరుపతికి వచ్చిన దాఖలా లేదు గానీ వాళ్లకూ బాకీ ఉన్నాను. ఆస్ట్రేలియాలో మైఖేల్ కర్రన్ 2006లో ఎన్‌వీడీఏ మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టే కలిశాడు. ఇద్దరికీ చూపు లేదు. అది ఈనాటికీ ఉచితమే. ఈ నెల జీతంలో కొంచెం దానికి విరాళంగా పంపాను.

పాపకు ఏం కావాలని అడిగితే ఎన్‌వీడీఏ నేర్పమంది. ఆదివారం తెర ఆర్పేసి కూర్చోబెట్టాను. పావుగంటలో మూడుసార్లు ‘ఇప్పుడు ఎక్కడున్నాను అక్కా?’ అని అడిగింది, నాలుగోసారి తనే కనుక్కుంది.

పదకొండు పేజీల్లో తొమ్మిది మళ్లీ రాశాను. నిన్న రాత్రి ఫైలు మూయబోతే దాచాలా అని అడిగింది. ట్యాబ్ నొక్కాను. ‘డోంట్ సేవ్’ అని నిండుగా పలికింది. ఇంకోసారి వినాలనిపించి ముందుకు వెళ్లి వెనక్కి వచ్చాను. మళ్లీ అదే మాట. షిఫ్ట్ ట్యాబ్‌తో ‘సేవ్’ మీదికి వచ్చి ఎంటర్ కొట్టాను.