తిరుగు ప్రయాణానికి పడవ చూసుకో, చిన్నతల్లీ

కాకినాడ,
ఫిబ్రవరి 9

చిన్నతల్లికి,

నాన్న ఆశీస్సులు. ఏది కొనాలో చెప్పమని నువ్వు పంపిన మూడు పడవల ఫోటోలూ చూశాను. మీ అమ్మ కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చూసింది. తనకి మూడోదే నచ్చింది, లోపల సోఫా బావుందట. నాకు ఏది నచ్చిందో చివర్లో చెబుతాను. ఫోన్లో మాట్లాడితే సగం మీ పిల్లల గోలలో కొట్టుకుపోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

పడవ కొనేవాళ్ళ కళ్ళముందు ఎప్పుడూ పొద్దుటి ప్రయాణమే ఉంటుంది. తెల్లారగట్ల 5 గంటలకి అద్దంలాంటి నీళ్ళు, చేతిలో కాఫీ, వెనక తెల్లగా విచ్చుకునే నురగ. నేనూ ఆ పొద్దుటి కోసమే కొన్నాను. నువ్వు మాత్రం మధ్యాహ్నం 3 గంటలకి ఇంటికి చేర్చే పడవ కొనుక్కో. అప్పటికి మీరిద్దరూ ఎండకి వడిలిపోయి ఉంటారు, చిన్నవాడు ఒళ్ళో నిద్రపోతుంటాడు, గాలి లేచి ఉంటుంది. ఆ పడవ ఆ గంటలో ఎలా నడుస్తుందో చూడు. మిగతా అంతా తర్వాత.

అమెరికా తూర్పు తీరంలోని మన చెసపీక్ బే (అఖాతం) పొడవు సుమారు 200 మైళ్ళు, సగటు లోతు మాత్రం 21 అడుగులే. అంత లోతు తక్కువ నీళ్ళమీద గాలి వీస్తే సముద్రంలోలాగా పొడుగాటి కెరటం రాదు. దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తుంది. వేసవి మధ్యాహ్నాలు దక్షిణపు గాలి తోలుతుంది కదా. అదే వేళకి ఆటు నీరు దక్షిణానికి దిగుతుంటే గాలీ నీరూ ఎదురుబొదురు తగిలి, 2 అడుగుల కెరటం కూడా నడుములు విరగ్గొడుతుంది.

అందుకే ముందు పడవ అడుగు చూడు. రే హంట్ గీసిన లోతైన ‘వి’ ఆకారం అడుగుతో ‘మాపీ’ అనే పడవ 1960లో మయామీ నుంచి బహామాస్‌లోని నాసౌ దాకా జరిగిన పందెంలో గెలిచింది. కెరటాల్లో మిగతావాళ్ళు వేగం తగ్గించుకుంటే అది కోసుకుంటూ పోయింది. మరుసటి ఏడు అదే రూపంతో బెర్ట్రమ్ 31 వచ్చింది. నువ్వు పంపిన మొదటి పడవ ఆ వంశమే. వెనక అంచు దగ్గర కూడా అడుగు వంపు 20 డిగ్రీలు దాటి ఉంటుంది కాబట్టి కెరటంమీద పడినప్పుడు మెత్తగా దిగుతుంది. కానీ అమ్మా, అదే పడవ ఆగితే ఊయలలా ఊగుతుంది. గాలాలు వేసి నిలబడ్డ గంటలో పిల్లలకి వాంతులు పట్టుకుంటాయి. గాలి పక్కనుంచి కొడితే నీళ్ళు కూడా బాగా ఎగజల్లుతుంది. 18, 20 డిగ్రీల మధ్య అడుగు వంపూ, 11 అడుగుల వెడల్పూ ఉన్న పడవైతే పరుగులో కాస్త ఎక్కువ దెబ్బ తిన్నా, నిలబడ్డప్పుడు కుదురుగా ఉంటుంది. మీది చేపల వేట ఒక్కటే కాదు కాబట్టి నేను ఆ మధ్యరకం వైపే మొగ్గుతాను.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు సెయింట్ మైకేల్స్ నుంచి వస్తూ బ్లడీ పాయింట్ దాటాక జరిగింది గుర్తుందా? కుడి ఇంజన్ వేడి ముల్లు 200 ఫారన్‌హీట్ దాటింది. దాన్ని ఆపేసి, చుక్కాని చక్రం మీ అమ్మ చేతికిచ్చి, డెక్ తలుపు ఎత్తాను. నీళ్ళు లాగే పంపు ఇంజన్‌కి అవతలి పక్కన, పడవ గోడకి ఆనుకుని ఉంది. సందు జానెడు. వేడి ఇంజన్‌మీద తువ్వాలు పరిచి బోర్లా పడుకుని, కనపడని నాలుగు బోల్టులు వేళ్ళతో తడుముతున్నాను. నువ్వు రెండు చేతులతో టార్చి పట్టుకుని, “నాన్నా, అటు ఆకాశం నల్లగా అవుతోంది” అన్నావు. పడమట అనాపొలిస్ మీద ఉరుముల మబ్బు కడుతోంది. ఆ బోల్టులు నాకు ఊడలేదు. ఎడమ ఇంజన్ ఒక్కదానితో, 6 నాట్ల (గంటకి సుమారు 11 కిలోమీటర్ల) వేగంతో, థామస్ పాయింట్ దీపస్తంభాన్ని చూసుకుంటూ మీ అమ్మే తీసుకొచ్చింది. ఒడ్డు చేరేసరికి ముగ్గురం ముద్దగా తడిశాం. మర్నాడు చల్లారిన ఇంజన్ దగ్గర రెండు గంటలు కష్టపడి తీస్తే, లోపలి రబ్బరు చక్రానికి రెండు రెక్కలు మొదలంటా తెగిపోయి ఉన్నాయి. చిటికెన వేలంత ముక్కలు. అవి కూలర్ గొట్టంలో అడ్డం పడితే వెతికి తీయడానికి ఇంకో రోజు పట్టింది. ఆ రబ్బరు చక్రం ఖరీదు మీ ఇంటి వారం కూరగాయలంత ఉండదు.

కాబట్టి పడవ చూడ్డానికి వెళ్ళినప్పుడు సోఫా చూడకు. డెక్ తలుపు ఎత్తించు. లోపలికి నువ్వే దిగు, అల్లుడుగారిని దింపకు. నూనె పుల్ల, నీటి వడపోత బుట్ట, పంపు, పడవ అడుగున నీళ్ళు లోపలికొచ్చే కవాటాలు, వీటిలో ప్రతిదాన్నీ నీ చెయ్యి పెట్టి ముట్టుకో. చెయ్యి చేరని చోటు ఉంటే, ఏదో ఒకనాడు గాలివానలో అక్కడే పని పడుతుందనుకో.

లోపలి ఇంజన్లా, వెనక తగిలించే ఔట్‌బోర్డులా అని అడిగావు. పాతికేళ్ళ క్రితమైతే 30 అడుగుల పడవకి లోపలి ఇంజన్లే అని తేలిగ్గా చెప్పేవాణ్ణి. బరువు మధ్యలో ఉంటుంది, వెనక అంచు ఖాళీగా ఉంటుంది, పెద్ద చేప పడవ చుట్టూ తిరిగినా దారం దేనికీ చుట్టుకోదు. ఇప్పటి నాలుగు స్ట్రోకుల ఔట్‌బోర్డులు నా అభిప్రాయం మార్చాయి. పని అయ్యాక నీళ్ళలోంచి పైకి ఎత్తేయొచ్చు, పెట్రోలు ఆవిరి పడవ పొట్టలో పేరుకునే భయం చాలా తగ్గుతుంది, మూత తీస్తే అంతా కళ్ళముందే. లోపలి పెట్రోలు ఇంజన్లయితే స్టార్టు చేసే ముందు 4 నిమిషాలు బ్లోయరు (ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) నడపడం ఎప్పటికీ మరవకూడదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, అడుగునే దాక్కుంటుంది. ఉప్పునీటితో చల్లారే ఇంజన్లకి పొగగొట్టపు రైజర్లు ఐదారేళ్ళకోసారి మార్చాలి, లేకపోతే లోపల తుప్పు తినేసి ఉప్పునీరు సిలిండర్లలోకి దిగుతుంది. ఎప్పుడు మార్చారో అమ్మేవాళ్ళని రసీదు చూపించమను. ‘ఈమధ్యే’ అన్నమాట చాలదు.

ఇక ఇంధనం. అల్లుడుగారికి ఓషన్ సిటీ నుంచి బాల్టిమోర్ కేనియన్ (సముద్రం అడుగునున్న లోయ) దాకా వెళ్ళి తెల్ల కొమ్ముకోనాం (వైట్ మార్లిన్) చేప పట్టాలని ఉందన్నావు. 1974 నుంచి ఆ చేప పేరుతో అక్కడ పోటీ జరుగుతోంది, ఆ కోరిక ఎవరికైనా పుడుతుంది, నాకూ పుట్టింది. లెక్క వేద్దాం. పోను 60 మైళ్ళు, రాను 60. రెండు పెద్ద పెట్రోలు ఇంజన్లు గాలన్‌కి 0.8 మైలు ఇస్తాయనుకుంటే 150 గాలన్లు. అక్కడ గాలాలు లాగుతూ తిరిగే ఆరు గంటలకి ఇంకో 48. మొత్తం 200 దగ్గర. మూడో పడవ ట్యాంకు 220 అని రాశారు. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకూడదు, ఇది నేను నడిపినన్నాళ్ళూ తప్పని లెక్క. అలా చూస్తే ఆ పడవకి 300 గాలన్ల ట్యాంకు కావాలి. వచ్చేటప్పుడు ఎదురుగాలయితే ఇంకా తాగుతుంది. పైగా ఓషన్ సిటీ ఇన్‌లెట్, అంటే సముద్రంలోంచి లోపలికొచ్చే దారి, 1933 తుఫాను కోసిన గండి. ఆటు నీరు బయటికి తోసే వేళ తూర్పు కెరటం లోపలికి వస్తుంటే, 60 మైళ్ళు వచ్చినవాళ్ళకి ఆఖరి అరమైలే గండం. నాకు పడవ ఉన్న 17 వేసవుల్లో కేనియన్‌కి వెళ్ళింది 11 సార్లు. మిగతా రోజులన్నీ బేలోనే, రాక్‌ఫిష్ పడుతూ, పీతలు ఉడకబెట్టుకుంటూ, ఏదో ఒక కయ్యలో లంగరు వేసుకుని. ఆ 11 రోజుల కోసం పడవ కొనొద్దు. ఏడాదికోసారి వెళ్ళాలంటే అక్కడి చార్టరు పడవలో సీటు కొనుక్కోండి.

పిల్లల కోసం మూడే అడుగుతాను: నీడ, తలుపున్న టాయిలెట్టు, డెక్ చుట్టూ మీ పెద్దబ్బాయి ఛాతీ ఎత్తుకి వచ్చే అంచు. తలుపు లేని టాయిలెట్టున్న పడవలో ఆడవాళ్ళు మొదటి ఏడు వస్తారు, రెండో ఏడు రారు. 13 ఏళ్ళలోపు పిల్లలు, పడవ కదులుతుంటే, క్యాబిన్ బయట లైఫ్ జాకెట్టు వేసుకునే ఉండాలి. చట్టం ఏది అడిగినా, నువ్వు అంతకంటే గట్టిగా ఉండు. వెనకనుంచి గాలి వీస్తుండగా నెమ్మదిగా వస్తూ తెరలు వేసి ఉంచితే ఇంజన్ పొగ తిరిగి పడవలోకే వస్తుంది. కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు. ‘పిల్లలు అలసి పడుకున్నారు’ అనుకుంటారు. అలారం పెట్టించు, ముందు అద్దం తెరిచి ఉంచు.

కొనే ముందు పడవని తనిఖీ చేసే సర్వేయరుని నువ్వే కుదుర్చుకో, అమ్మేవాళ్ళు చూపించినవాణ్ణి కాదు. నా మొదటి పడవకి నేను చేసిన తప్పు అదే. డెక్ కింద చెక్క నాని మెత్తబడిన సంగతి ఆ కాగితాల్లో ఎక్కడా లేదు, మొదటి శీతాకాలంలోనే కాలి కింద కుంగింది. మంచి సర్వేయరు చిన్న సుత్తితో డెక్ అంతా తట్టుకుంటూ పోతాడు. గట్టిగా ఉన్నచోట టకటకమంటుంది, నానినచోట డబ్‌డబ్‌మంటుంది. నీ చెవికే తెలుస్తుంది, పక్కనే నడువు. ఇంజన్లకి వేరే మెకానిక్కుని పెట్టు. నువ్వు వెళ్ళేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి. చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా ఉంటే ముందే తిప్పి ఉంచారన్నమాట. నీళ్ళమీద పరీక్ష మాత్రం మధ్యాహ్నం పెట్టమను. పొద్దున్నే రమ్మంటే కుదరదని చెప్పు.

డబ్బు సంగతి అల్లుడుగారితో కూర్చుని మాట్లాడుకోండి. కొన్న ధరలో పదో వంతు ఏటా పక్కన పెట్టుకోవాలని అక్కడివాళ్ళు అంటారు, నా అనుభవంలో పాత పడవలకి అది చాలలేదు. రేవు అద్దె, బీమా, అడుగు రంగు, తుప్పు పట్టకుండా తగిలించే జింకు దిమ్మలు, చలికాలం ఒడ్డెక్కించడం, ఇవేవీ ఆ ప్రకటనలో కనిపించవు.

నాకు నచ్చింది రెండోది. ఔట్‌బోర్డులు రెండు, ట్యాంకు 300 గాలన్లు, టాయిలెట్టుకి తలుపు ఉంది. క్యాబిన్ చిన్నదే, మీ అమ్మ సోఫా అందులో లేదు. కానీ డెక్ తలుపు ఎత్తిన ఫోటో ఒక్కటీ పెట్టలేదు, ఆ మాట నాకు రాత్రినుంచీ మనసులో తిరుగుతోంది. ముందు అది అడిగి పంపించు. ట్యాంకు పైభాగం, దానికి వెళ్ళే గొట్టాలు కనపడేలా తీయమను. బావుంటే సర్వే తేదీ చెప్పు, నేను టిక్కెట్టు ముందుకి జరుపుకుని వస్తాను. నా తలలైటూ, కర్రకి కట్టిన చిన్న అద్దమూ మీ గ్యారేజీలో ఎర్ర పెట్టెలోనే ఉండాలి, బ్యాటరీలు మార్చి ఉంచు.

మీ నాన్న