అవుట్‌పుట్ సెట్టింగు నిలవని మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ అధికారి గారికి,

అయ్యా,

మీ కంపెనీ గిటారు మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌ను (గిటారు ధ్వనిని రకరకాలుగా మార్చే పరికరం) ఏడు నెలల క్రితం విజయవాడలో కొన్నాను. బిల్లు, వారంటీ కార్డు నకళ్ళు జతపరుస్తున్నాను. మా చర్చిలో గిటారు యాంప్ లేదు కనుక ప్రాసెసర్ నుంచి కేబుల్ నేరుగా సౌండ్ మిక్సర్‌కే వెళ్తుంది. గిటారు యాంపులోని 12 అంగుళాల స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ పైనున్న ధ్వనిని తనంతట తానే బాగా తగ్గిస్తుంది. హాలులో అందరికీ వినిపించే పీఏ స్పీకర్లు అలా తగ్గించవు కాబట్టి, క్యాబినెట్ సిమ్యులేషన్ (ప్రాసెసర్ లోపలే గిటారు యాంపు స్పీకరును అనుకరించే ఏర్పాటు) లేకపోతే డిస్టార్షన్ (కావాలని బొంగురు చేసిన గిటారు ధ్వని) పలచబడి గరగరలాడుతుంది.

నిండైన టోన్ కోసం నేను రెండు నెలలు కూర్చున్నాను. మీ ఫ్యాక్టరీ ప్యాచుల్లో (ముందే భద్రపరచిన సెట్టింగుల్లో) గెయిన్, అంటే డిస్టార్షన్‌ను పెంచే స్థాయి, మరీ ఎక్కువ. ఇంట్లో ఒక్కరే వాయించుకుంటే గొప్పగా ఉంటాయి గానీ, కీబోర్డు, డ్రమ్స్ కలిసేసరికి గిటారు వినపడకుండా పోతుంది. గెయిన్ సగానికి తగ్గించి, 700 హెర్ట్జ్ దగ్గర మిడ్ (మధ్యస్థాయి ధ్వని) కొంచెం పెంచి, బేస్ గిటారుకు అడ్డు రాకుండా 80 హెర్ట్జ్ కింద కోసి (ఆరో తీగ శ్రుతి సుమారు 82 హెర్ట్జ్ కనుక దానికి పెద్ద నష్టం లేదు), చివర కొద్దిగా రూమ్ రివర్బ్ (గదిలోని ప్రతిధ్వని) కలిపాక, ఇ మైనర్ కార్డు (కలిపి మీటే స్వరాలు) వెనక బెంచీ దాకా నిండుగా పలికింది.

గత నెల ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినప్పటి నుంచి, స్విచ్ ఆపి మళ్ళీ వేసిన ప్రతిసారీ అవుట్‌పుట్ సెట్టింగు 'మిక్సర్' నుంచి 'యాంప్'కు మారి, సిమ్యులేషన్ ఆగిపోతోంది. తెర మీద ప్యాచ్ పేరు మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి తీగ మీటేదాకా సంగతి తెలియదు. మొన్న ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయి జనరేటర్ వేశాక, నేను మీటిన మొదటి కార్డుకే పల్లవి ఎత్తుకున్న అమ్మాయి ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. ఆ పాట అయ్యేదాకా నేను మళ్ళీ గిటారు ముట్టలేదు.

తీగలు మార్చమని, గెయిన్, బేస్ పెంచమని మీ సర్వీస్ విభాగం జవాబిచ్చింది. సిమ్యులేషనే ఆగిపోయినప్పుడు గెయిన్ పెంచితే గరగర ఇంకా పెరుగుతుంది. అయినా కొత్త తీగలు వేశాను, రెండు గిటార్లతో, మూడు కేబుళ్ళతో, మీ అడాప్టరుతోనే పరీక్షించాను, ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాను; లోపం మారలేదు. వీడియో పంపుతున్నాను.

దయచేసి 15 రోజుల్లోగా ఈ ఫర్మ్‌వేర్‌ను సరిచేయండి, లేదా వారంటీ కింద పరికరాన్ని మార్చి ఇవ్వండి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవలసి వస్తుంది. వచ్చే నెలలో క్రిస్మస్ ఆరాధనలు ఉన్నాయి. ఈలోగా పాత ఫర్మ్‌వేర్ ఫైలునైనా వెంటనే పంపగలరు.

ఇట్లు,
మీ వినియోగదారుడు