నాన్నగారి పాటలు తిరిగి ఇచ్చిన బాబుకు కృతజ్ఞతలు

మా మేడమీది వాటాలో ఉండే ఇంజనీరింగ్ విద్యార్థికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయవద్దని అతను మరీ మరీ కోరాడు.

విశాఖ అక్కయ్యపాలెంలో ఇంటి దగ్గరే డీటీపీ పని చేసుకుంటాను. పోయిన వారం కంప్యూటర్ ఆన్ చేస్తే విండోస్ తెరుచుకోలేదు. మరమ్మతు చేస్తున్నట్టు చూపించడం, ఆగిపోవడం, మళ్లీ మొదటికి రావడం. ఒక దుకాణానికి తీసుకెళ్తే, అక్కడి మనిషి రెండు నిమిషాలు చూసి, "అంతా ఫార్మాట్ చేయాల్సిందే, డేటా మీద ఆశ వదులుకోండి" అన్నాడు. కాళ్లలో సత్తువ పోయింది. పెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

అందులో ఏముందో చెబితే గాని నా బాధ అర్థం కాదు. మా నాన్నగారు తప్పెటగుళ్ల కళాకారుడు. గుండెకు తప్పెట కట్టుకుని ఊరూరా పాడిన పాటలన్నీ నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు మా పెంకుటింటి కప్పు లేచిపోయి, పుస్తకాలున్న ట్రంకుపెట్టె నీళ్లతో నిండింది. సిరా కరిగిపోగా మిగిలిన పేజీలను ఆరబెట్టి, చెరిగిపోయిన చోట ఆయన పాడి వినిపిస్తుంటే, ఒక్కొక్క పాటే టైపు చేశాను. ఇప్పుడు ఆయన లేరు. ఆ ఫైళ్లకు మరో ప్రతి లేదు.

విషయం తెలిసి ఆ సాయంత్రమే బాబు కిందికి దిగి వచ్చాడు. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, ముందు కూర్చుని అడిగాడు: "పిన్నిగారూ, మీ ఫైళ్లు ఏ డ్రైవులో పెట్టుకునేవారు?" విండోస్ 240 జీబీ ఎస్‌ఎస్‌డీలో, అంటే సీ డ్రైవులో ఉంది, నా పనంతా వేరే 1 టీబీ హార్డ్‌డిస్కులో డీ (D), ఈ (E) అనే డ్రైవుల్లో ఉంది. కాబట్టి భయం లేదనుకున్నాను. "మరి పాటలు?" అన్నాడు. ఎప్పుడూ కళ్ల ముందు ఉండాలని వాటిని డెస్క్‌టాప్ మీదే పెట్టుకున్నాను. డెస్క్‌టాప్ మీద కనిపించేదంతా నిజానికి సీ డ్రైవులోనే ఉంటుందని, దాన్ని ఫార్మాట్ చేస్తే పాటలు కూడా పోయేవని అతను చెప్పినప్పుడు ఒళ్లు జలదరించింది. ఆ ఒక్క ప్రశ్న అడిగే ఓపిక దుకాణంలో ఎవరికీ లేకపోయింది.

పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ తెచ్చాడు, విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించే మరో వ్యవస్థ అది. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించకుండానే, పెన్‌డ్రైవ్ నుంచే నడిపించి, సీ డ్రైవు తెరిచాడు. పాటల ఫోల్డర్ కనిపించగానే నేను కళ్లు తుడుచుకున్నాను. దాన్నీ, డాక్యుమెంట్లనూ, అడగకుండానే ఫాంట్ల ఫోల్డర్‌నూ తన డిస్కులోకి తీసుకున్నాడు. ఫాంట్లు ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

తర్వాత కరెంటు తీసేసి, పెట్టె విప్పి, నా 1 టీబీ డిస్కు కేబుల్ ఊడదీశాడు. కేబుల్ చివర చిన్న టేపు ముక్క అంటించి, దాని మీద పెన్నుతో 'డేటా' అని రాశాడు. ఆ డిస్కు అసలు కనిపించకపోతే పొరపాటున కూడా ఫార్మాట్ కాదన్నాడు. పైగా విండోస్ ఒక్కోసారి తనను లేపే బూట్ భాగాన్ని పక్క డిస్కులో పెట్టేస్తుందట. తర్వాత ఆ డిస్కు తీస్తే కంప్యూటరే లేవదట. ఉప్పుగాలికి మసకబారిన ర్యామ్ అంచులను రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించాడు కూడా. విండోస్ మళ్లీ కొత్తగా ఎక్కడానికి గంట కూడా పట్టలేదు.

డిస్కు తిరిగి తగిలిస్తే డ్రైవుల అక్షరాలు మారాయి. పాత డీ (D) ఇప్పుడు ఈ (E) అయింది. నా శుభలేఖల్లో పెట్టిన బొమ్మలన్నీ పాత దారి వెతుక్కుంటూ దొరకలేదన్నాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ అక్షరాలు పాత వరుసకు మార్చగానే అన్నీ యథాస్థానానికి వచ్చాయి.

చివరికి నేను పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఎక్కించి పాటలు తెరిస్తే, తెలుగు లేదు. పేజీ నిండా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. నేను టైపు చేసింది, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్ వాడుకలోకి రాకముందు నుంచీ మా డీటీపీ వాళ్లు వాడుతున్న 'అను' ఫాంట్లలో. ఆ ఫాంటు లేకపోతే తెలుగు ఇలాగే కనిపిస్తుంది. అతను నవ్వి, దాచిన ఫాంట్లు ఎక్కించి, ఫైలు మూసి మళ్లీ తెరిచాడు. నాన్నగారి మొదటి పాట, ఒత్తులు గుడులతో సహా, తెర మీద నిలబడింది. "ఇది ఎలా పాడతారు పిన్నిగారూ?" అని అడిగాడు. పాడాను. నాన్నగారు పోయాక ఆ పాట నా నోట రావడం అదే మొదటిసారి.

రూపాయి కూడా తీసుకోలేదు. పరీక్షలు దగ్గరపడుతున్నా అతన్ని కిందికి పంపిన వాళ్ల అమ్మగారికి, పెళ్లి పత్రికలు నాలుగు రోజులు ఆలస్యమైనా ఓపిక పట్టిన కంచరపాలెం కుటుంబానికి కూడా చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పాటల ప్రతి ఒకటి ఇప్పుడు గాజువాకలో మా చెల్లెలి ఇంట్లో ఉంది. యూనికోడ్‌లోకి మార్చడం కూడా మొదలుపెట్టాను.

బాబూ, నీ స్క్రూడ్రైవరు మా బల్ల మీదే ఉండిపోయింది. తీసుకెళ్లడానికి వచ్చిన రోజు భోజనం మా ఇంట్లోనే.