ఫాక్స్‌టన్ లాకుల నుంచి నీకో జవాబు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

నీకు ఆరేళ్లప్పుడు ధవళేశ్వరం లాకుల దగ్గర సైకిలు ఆపించి, పడవ పైకి ఎలా ఎక్కుతుందని అడిగావు. ఆఫీసుకు వేళవుతోందని జవాబు చెప్పకుండానే నిన్ను ఇంటికి తీసుకొచ్చేశాను. ఆ జవాబు ఈ ఉత్తరంలో రాస్తున్నాను. లాకంటే కాలువలో రెండు చివరలా తలుపులున్న నీటి గది.

నిన్న మీ అన్నయ్య స్నేహితుడి పడవలో, ఇక్కడి ఇంగ్లండు కాలువ మీద, మార్కెట్ హార్బరో ఊరి నుంచి ఫాక్స్‌టన్ దాకా వెళ్లాం. పడవ వెడల్పు 7 అడుగులకు కాస్త తక్కువ. గట్టు మీద నడిచేవాళ్లు మమ్మల్ని దాటి పోతుంటే పలకరించేంత నిదానం. కొండవాలున 1814లో ప్రారంభమైన ఈ 10 లాకులు, అయిదేసి చొప్పున రెండు వరుసలుగా, పడవను 75 అడుగుల ఎత్తుకు చేరుస్తాయి. ఒక వరుసలో ఒక గది పైతలుపే తరువాతి గదికి కిందితలుపు.

పడవ గదిలోకి వెళ్లాక వెనక తలుపు మూసి, ఇనుప పిడితో తూము తిప్పుతారు. ప్రతి గదికీ పక్కన ఒక చిన్న చెరువుంది. ఎర్ర తూము ఎత్తితే చెరువు నీరు మన గదిలోకి దిగుతుంది, తెల్ల తూము ఎత్తితే పై గది నీరు ఆ చెరువును నింపుతుంది. ముందు ఎరుపు, తరువాతే తెలుపు, మరిచిపోకండని లాకుల దగ్గర సాయపడే స్వచ్ఛంద సేవకురాలు రెండుసార్లు చెప్పింది. వరుస తప్పితే చెరువు పొంగిపోతుంది. ఇంజను సాయమేమీ లేకుండా, పై నుంచి కిందికి దిగే నీరే పడవను పైకెత్తడం నాకు అబ్బురంగా తోచింది.

ఒక తలుపు నేనే తెరిచాను. దాని పొడవాటి దూలానికి వీపు ఆనించి, కాలు జారకుండా నేలలో పేర్చిన ఇటుకల మీద పాదాలు తన్నిపెట్టి ఎంత నెట్టినా కదలలేదు. నాచు పట్టిన చెక్కల సందుల్లోంచి సన్నని నీటిధారలు కారుతూనే ఉన్నాయి. రెండువైపులా నీరు సమానమయ్యాక అవి ఆగిపోయాయి, అంత బరువైన తలుపూ మెల్లగా కదిలింది. పది లాకులూ దాటేసరికి దాదాపు గంట పట్టింది. ఆ గంటలో నువ్వు చాలాసార్లు గుర్తొచ్చావు.

వచ్చే నెల నేను ఊరికి చేరగానే, ఒక ఆదివారం పిల్లలను తీసుకుని రా. ధవళేశ్వరంలో లాకు తలుపులకు అటూ ఇటూ నీటిమట్టం ఎంత తేడాగా ఉంటుందో వాళ్లకు చూపించాలని ఉంది.

ఇట్లు,
మీ నాన్న