ఏడో తరగతి నాటిక గురించి

చిరంజీవి సుధకు,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. వార్షికోత్సవానికి ఏడో తరగతి పిల్లల చేత నాటిక వేయించే పని నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది తల్లీ.

మంచి స్క్రిప్టు ఏదైనా పంపమన్నావట. నా పెట్టెలో పరిషత్తు పోటీల నాటికలు బోలెడున్నాయి, కానీ ఒక్కటీ పంపను. అవి పెద్దవాళ్ళు పెద్దవాళ్ళ కోసం రాసుకున్నవి. పన్నెండేళ్ళ పిల్ల ఆ మాటలు పలికితే పద్యం అప్పజెప్పినట్టే ఉంటుంది. వాళ్ళ చేతే రాయించు.

అయితే ముందే కాగితాలు పంచకు. పెన్ను పట్టగానే పిల్లలకు "మిత్రమా, ఎచటికి వెళ్ళుచున్నావు?" అనే భాష వచ్చేస్తుంది. ముందు ఆడించు, తర్వాత రాయించు. ఇద్దరమ్మాయిల్ని నిలబెట్టి ఒక తగువు ఇవ్వు. కుళాయి కట్టేసే వేళయింది, ఇంకొక్క బిందెకే నీళ్ళొస్తాయి. ఒకరింటికి చుట్టాలొచ్చారు, రెండో అమ్మాయి వాళ్ళమ్మ తెల్లారకముందే వరసలో బిందె పెట్టింది. ఇక నువ్వు పక్కకు తప్పుకో. మూడో పిల్ల విన్నది విన్నట్టు రాసుకోవాలి. "నీ బిందె తియ్యవే, మా అమ్మ నిద్ర మానుకుని పెట్టింది ఇక్కడ" లాంటి మాట ఒక్కటి దొరికినా నాటిక మొదలైనట్టే. ఎవరి యాస వాళ్ళనే మాట్లాడనీ, దిద్దకు.

చివర్లో అందరూ వరసగా నిలబడి "నీటిని పొదుపు చేద్దాం" అని అరవడం మాత్రం వద్దు. హెడ్మాస్టరు గారు అడిగితే మర్యాదగానే నచ్చజెప్పు. ఆ తగువు చూసినవాళ్ళకి నీటి విలువ వేరే చెప్పనక్కర్లేదు.

సురభి నాటక సమాజం వాళ్ళ సంగతి నీకు చిన్నప్పుడు చెప్పాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధ నాటకంతో మొదలైన కుటుంబాలు. ఆ ఇళ్ళలో పిల్లలు తెర పక్కన నిలబడి చూస్తూనే నటన నేర్చుకున్నారు. నీ పిల్లలు చూసేది టీవీ సీరియళ్ళు. కోపమనగానే కళ్ళు పెద్దవి చేస్తారు. అలా చేసినప్పుడు, "మీ నాయనమ్మకి కోపమొస్తే ఏం చేస్తుంది?" అని అడుగు. ఒకడు గిన్నె ఠంగుమని పెట్టి చూపిస్తాడు, ఇంకొకడు అటు తిరిగి కూర్చుంటాడు. అది చాలు.

వాచికం మీద, అంటే మాట పలికే తీరు మీద గట్టిగా పట్టుబట్టు. మన భాషలో క్రియ చివర్న వస్తుంది, పిల్లలేమో గొంతు అక్కడే దించేస్తారు. "డబ్బు తీశాను" అన్నాడో "తీయలేదు" అన్నాడో వెనక వరసకి తెలియకపోతే కథే తారుమారవుతుంది. మైకు లేకుండా రిహార్సల్ చేయించు, నువ్వు వెళ్ళి గ్రౌండు చివర నిలబడి విను. మైకుందంటే అందరూ దాని దగ్గరే గుమిగూడతారు.

నోరు విప్పని పిల్లలకు చెట్టు వేషమిచ్చి నిలబెట్టకు తల్లీ, అది నాకు కష్టంగా ఉంటుంది. ప్రాంప్టింగ్, అంటే తెర పక్క నుంచి మాట అందించే పని అప్పగించు. నాటికంతా నోటికొచ్చేది వాళ్ళకే. ఎవరికైనా జ్వరమొస్తే ఆ వేషం వాళ్ళదే అని ముందే చెప్పి ఉంచు.

తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. అమ్మా నేనూ ముందురోజే వస్తాం. మేకప్ పెట్టె తెస్తాను, తెర తాడు సంగతి కూడా నేనే చూసుకుంటాను.

ఆశీస్సులతో,
నాన్న