సార, నల్లజీడి విత్తనాల సేకరణ: ఈ ఏడాది పనుల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పని ఎక్కువగా సారచెట్ల చుట్టూనే సాగింది. సారపప్పు తెలియనివాళ్లు లేరు కానీ, చెట్టుని గుర్తుపట్టగలిగేవాళ్లు మనలో చాలా తక్కువని మొదటి నడకలోనే తేలింది. అందుకే విత్తనాల కంటే ముందు చెట్లను వెతికి గుర్తులు పెట్టుకున్నాం.

సేకరణలో మొదట్లోనే తప్పు చేశాం. ఆత్రంగా ఆకుపచ్చ కాయలు కోశాం. పగలగొట్టి చూస్తే చాలావాటిలో పప్పు నిండలేదు. మే నెలలో మళ్లీ వెళ్లి, నల్లగా మాగి రాలినవే ఏరాం. ఒకే చెట్టు కింద సంచి నింపుకోకుండా దూరదూరంగా ఉన్న చెట్ల దగ్గర కొన్ని కొన్ని తీసుకున్నాం. అన్నీ ఒక్క తల్లి పిల్లలైతే ఒక్క తెగులుకే మొత్తం పోవచ్చు. కొమ్మ మాత్రం ఎవరూ విరవలేదు. కాయల కోసం కొమ్మలు నరకడం ఈ చెట్లు తగ్గిపోవడానికి ఒక కారణం, మనం కూడా అదే పని చేయకూడదు.

అసలు కష్టం పెంకుతోనే. గుజ్జుని ఇసుకతో రుద్ది కడిగాక, గింజ అంచు చుట్టూ సన్నని అతుకు కనిపిస్తుంది. గింజని నిలువుగా పట్టుకుని ఆ అతుకు మీద చిన్న సుత్తితో మెల్లగా తట్టాలి. టక్‌మని బీట పడితే చాలు. ఇంకాస్త గట్టిగా తగిలితే పప్పు చితికిపోతుంది. బీట పడ్డవాటిని 24 గంటలు నానబెట్టి, ఆలస్యం చేయకుండా నాటాం. పెంకు తట్టకుండా నాటిన గింజలు కొన్నే మొలిచాయి, అవీ చాలా ఆలస్యంగా. సార తల్లివేరు త్వరగా లోతుకు దిగుతుంది. పొట్టి సంచుల్లో అది అడుగున చుట్టుకుపోయింది, పొడవాటి సంచులు తప్పనిసరి.

చలికాలంలో నల్లజీడి ఏరాం. దాని పెంకులోని రసం తగిలి ఇద్దరు సభ్యుల చేతులు బొబ్బలెక్కాయి. ముందే గ్లవ్స్ ఇవ్వకపోవడం కార్యవర్గం తప్పు, వారికి క్షమాపణలు. ఇకపై గ్లవ్స్ లేకుండా ఎవరినీ, గ్లవ్స్ ఉన్నా పిల్లల్నీ ఆ పనికి పంపం.

నేరుగా నేలలో నాటిన గింజల్ని ఉడతలు, ఎలుకలు తవ్వుకుపోయాయి. ఇనుప వల కప్పిన గుంతలే మిగిలాయి.

సార మొక్కలు ఇంకా జానెడు కూడా లేవు. వచ్చే వానాకాలం దాకా సంచుల్లోనే ఉంచుతాం. ఎండాకాలం నీళ్లు పోయడానికి వారానికి ఒక్క పూట రాగలిగినవాళ్లు దయచేసి పేరు ఇవ్వండి.

— కార్యవర్గం