ఆదివారం తాడిపత్రి గుళ్లు చూద్దాం, పిల్లల్ని తీసుకురండి

పదో తరగతి బ్యాచ్ మిత్రులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం పొద్దున 6:30కి పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి దగ్గర కలుద్దాం. అక్కడి నుంచి చింతల వెంకటరమణస్వామి గుడికి.

తాడిపత్రి అంటే బయటివాళ్లకు నాపబండలే గుర్తొస్తాయి. కానీ విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించిన ఈ రెండు గుళ్లు మన అసలు ఆస్తి. బుగ్గ గుడిలో లింగం దగ్గర నీళ్లు ఊరుతూనే ఉంటాయి, ఆ ఊటే 'బుగ్గ'. అక్కడి రెండు గోపురాలు పూర్తికాకుండానే ఆగిపోయాయి. అయినా కింది నుంచి పైదాకా జానెడు రాయి కూడా ఖాళీగా వదల్లేదు. దగ్గరికెళ్లి చూడండి, తీగ మెలికలో ఆకు ఈనెలు కూడా కనిపిస్తాయి. చిన్నప్పుడు వాటి పక్కనే ఆడుకున్నాం, ఒక్కరోజూ నిలబడి చూడలేదు!

చింతల గుడిలో గరుడ మండపం రాతి రథం, చక్రాలతో సహా. గోడల మీద రామాయణం వరసగా చెక్కారు. పిల్లలకు కథ మనమే చెప్పాలి, ఎవరెవరు ఏ ఘట్టం చెబుతారో ముందే అనుకోండి.

వచ్చేవాళ్లు ఎంతమందో శుక్రవారం రాత్రిలోపు ఇక్కడ పెట్టండి, టిఫిన్ చెప్పాలి. నీళ్ల బాటిల్, టోపీ తప్పనిసరి. తొమ్మిది దాటితే బండ కాలుతుంది, చెప్పులు బయటే విడవాలి కదా.

శిల్పాలను తాకొద్దు, పసుపు కుంకుమలు పుయ్యొద్దు. పిల్లలకు ఇంట్లోనే చెప్పి తీసుకురండి.

బెంగళూరు, హైదరాబాద్ వాళ్లు శనివారం రాత్రికే వచ్చేయండి, ప్లీజ్.